ఎవరూ చెయ్యి పెట్టకూడదు

ప్రియమైన అక్కకి,

నువ్వు చదువు ముగించి ఇలా వెళ్ళావో లేదో, బల్లల మీద బుల్లి రైళ్ళు నడిపే మన క్లబ్బుకి గండం వచ్చిపడింది. యూనివర్సిటీ రిజిస్ట్రారు గారు గది ఖాళీ చెయ్యమంటున్నారు, ప్రింటర్లు పెట్టుకుంటారట. బతిమాలగా బతిమాలగా ఒక్క అవకాశమిచ్చారు. సందర్శకుల రోజున మా కొత్త రైలు గది చుట్టూ ఒక చుట్టు పూర్తిగా తిరగాలి, మధ్యలో ఎవరూ చెయ్యి పెట్టకూడదు. పెడితే మర్నాడే తాళం. ఆ మాయదారి రైలేమో ప్రతిసారీ నువ్వు కట్టిన కొండ సొరంగంలోనే మొరాయిస్తోంది, ఇంజను దాటుతుంది గానీ పెట్టెలు ఆగిపోతాయి. అందరూ నిన్నే ఆడిపోసుకుంటున్నారు. నేనొక్కదాన్నీ ఎంతమందితోనని పోట్లాడను?

దిక్కుతోచని నీ చెల్లి


ప్రియమైన చెల్లీ,

ఆ మాటలేవో నా ముందుకొచ్చి అనమను! క్లబ్బులో చేరిన కొత్తలో తడి కాగితాలు పొర మీద పొర అతికించి రెండేళ్ళు కట్టాను ఆ కొండని. నేనున్నన్నాళ్ళూ దాన్లో ఇరుక్కున్న రైలు ఒక్కటి లేదు. ఇంజను దాటాక పెట్టెలు ఆగుతున్నాయంటే ఏదో రాసుకుంటోందన్నమాట. లోపలికి చిన్న అద్దం, టార్చి పెట్టి చూడండి. కాస్త బుర్ర కూడా పెట్టండి.

ఒళ్ళు మండిన నీ అక్క


ప్రియమైన అక్కా,

చూశాం. లోపల జనం! వేలి గోరంత మనుషులు, గోడల పొడుగునా జిగురుతో అతికించి ఉన్నారు. వెళ్ళిపోయే ప్రతి సీనియరూ ఈ ఆలోచన తనకొక్కరికే వచ్చిందనుకుని, గుట్టుగా తన గుర్తుకో బొమ్మని అక్కడ నిలబెట్టి పోయినట్టున్నారు. పాత పొట్టి పెట్టెలు ఎలాగో సందు చేసుకుని పోయేవి. కొత్తవి పొడుగు, వంపులో వాళ్ళ భుజాలకి తగులుతున్నాయి. ఎర్ర కోటు, చేతిలో గొడుగు... అది నువ్వే కదూ? నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

చాకుతో గీకేద్దామంటున్నారు కొందరు. గీకితే ముక్కలైపోతారు. విరక్కుండా తియ్యాలంటే కొండనే పైనుంచి కోసెయ్యాలి. నువ్వు ఊ అంటేనే రంపం పట్టుకుంటాను.

చెల్లి


చెల్లీ,

కొయ్యి. కొండ ఇంకోటి కట్టుకోవచ్చు, ఆ మనుషులు మళ్ళీ దొరకరు. ఏడ్చానులే, అది నీకెందుకు.

అక్క


బంగారు అక్కా,

గెలిచాం! కొండని నిలువునా కోశాం. ఒక్కరికీ చెయ్యి విరగలేదు, కాలు విరగలేదు. అందర్నీ తెచ్చి స్టేషన్లో నిలబెడితే ప్లాట్‌ఫారం కిటకిటలాడిపోయింది. ఇన్నేళ్ళూ చీకట్లో ఉన్న వంపుని మొదటిసారి కళ్ళారా చూశాం. ఎంత చక్కగా వేశావక్కా ఆ పట్టాలు!

రైలు తిరుగుతున్నంతసేపూ అందరం చేతులు వెనక్కి కట్టుకునే ఉన్నాం, అలవాటుకొద్దీ ఎవరు తోసేస్తారోనని. వంతెన మీద ఒకసారి తడబడింది. మళ్ళీ తేరుకుని, నింపాదిగా స్టేషన్లోకొచ్చి ఆగింది. గది కొలుచుకోవడానికి టేపుతో వచ్చిన రిజిస్ట్రారు గారే ముందు చప్పట్లు కొట్టారు. "ఇంకోసారి తిప్పండమ్మా" అన్నారు. తిప్పాం. "ఏదీ, ఒకసారి నాకివ్వండి" అన్నారు.

గది మనదే అక్కా! సంతోషం పట్టలేకపోతున్నాను. ఈ ఉత్తరం ఇక్కడే కూర్చుని రాస్తున్నాను. కంట్రోలు ఇంకా ఆయన చేతిలోనే ఉంది, ఇమ్మంటే వినిపించుకోవడం లేదు.

తల ఎగరేసుకు తిరుగుతున్న
నీ చెల్లి