ఇరవై రెండో ట్రాకు

చిన్నమ్మడికి,

నాన్న మనసారా దీవించి రాస్తున్నది. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. నువ్వూ, అల్లుడుగారూ, బుజ్జిదీ చల్లగా ఉన్నారని నీ ఉత్తరం చూసి స్థిమితపడ్డాను. అది వచ్చి పదకొండు రోజులైంది. జవాబు ఎందుకు ఆలస్యమైందో తర్వాత చెబుతాను, ముందు నువ్వు అడిగినవి.

బీపీ మాత్రలు వేసుకుంటున్నాను. మొన్న ఆదివారం మర్చిపోయాను, ఆ ఒక్కదానికి నన్ను కోప్పడకు. వంట నేనే చేసుకుంటున్నాను. ఉప్పు దగ్గర మాత్రం నా చెయ్యి ఇంకా నా మాట వినడం లేదు. నువ్వు కొనమన్న ఫ్రిజ్ కొన్నాను కానీ అది రోజంతా సన్నగా మూలుగుతోంది. పక్కింటాయన్ని పిలిచి వినమంటే తలుపుకి చెవి ఆనించి, ఏమీ లేదు, చెవుల డాక్టరుకి చూపించుకోండి అన్నాడు. ముప్పై నాలుగేళ్లు పాటలు రికార్డు చేసినవాడి చెవులకు ఆయన వైద్యం చెబుతున్నాడు. మూలుగు పడలేక స్విచ్ కట్టేస్తే పాలు విరిగాయి.

బుజ్జిదానికి రెండు పళ్లొచ్చాయన్నావు. ఫోటో అందింది. నోరంతా తెరిచి నవ్వుతోంది, అచ్చం మీ అమ్మే. అద్దం పక్కన పెట్టుకున్నాను.

ఇక ఆ పాట సంగతి. 'వాన తగ్గేదాకా ఉండు' మీ ఊరి బస్సులో విన్నానని రాశావు. ఇక్కడా అంతే. క్షౌరశాలలో అదే, మందుల షాపులో అదే. వచ్చి పదేళ్లయినా జనానికి మొహం మొత్తలేదు. కొత్తగా ప్రేమించినవాళ్లూ అదే వింటారు, విడిపోయినవాళ్లూ అదే వింటారు. పాడినావిడ సోల్, పాప్ అనే పాశ్చాత్య బాణీల్లో పేరు మోసిన మనిషి. స్టూడియోలో మేం చాటుగా మహారాణి అనేవాళ్లం. అయినా మంచి మనిషి. చెప్పులు వాకిట్లో విడిచి వచ్చి, మాకందరికీ తనే టీ పోసింది.

నువ్వు అడిగింది నాకు కంఠతా వచ్చేసింది. "ఆ పాటకి ముందు ట్రాకు పాడింది అమ్మే కదా నాన్నా. నీ దగ్గర భద్రంగా ఉందని ఆస్పత్రిలో కూడా చెప్పింది. కాపీ తీసి పంపు, బుజ్జిదానికి అమ్మమ్మ గొంతు వినిపించాలి. మన దగ్గర అమ్మ గొంతు ఇంకెక్కడా లేదు." చివరి వాక్యం కింద గీత కూడా గీశావు.

అల్లుడుగారు కూడా చదువుతారు కనుక కాస్త వివరంగా చెబుతాను. స్టూడియోలో పాట పట్టేది వెడల్పాటి టేపు మీద. దాని మీద ఇరవై నాలుగు దారులుంటాయి, ఒక్కొక్కటీ ఒక్కో ట్రాకు. డ్రమ్స్ ఒకదాని మీద, గిటారు ఒకదాని మీద, అలా. పెద్ద గాయని వచ్చేలోపు ఇంకెవరో పాట మొత్తం పాడి ఉంచుతారు. గాయని అది విని నేర్చుకుని, తన గొంతు వేరే దారి మీద పాడుతుంది. పనైపోయాక ముందు పాడినవాళ్ల గొంతు చెరిపేసి, ఆ చోటు ఇంకోదానికి వాడుకుంటాం. మీ అమ్మ ఇరవయ్యేళ్లు అలా చెరిపేసే పాటలే పాడింది. ఒక్కసారి కూడా బాధపడలేదు. అందరి నోటికీ ముందు ఎంగిలి నాదే అని నవ్వేది.

ఈ పాట పాడిన రోజు మాత్రం వేరు. ఎక్కడా ఆగకుండా ఒక్క ఊపులో పాడేసింది. పాటలో 'ఉండు' అనే ముందు ఒక్క క్షణం ఆగింది, అడగాలా వద్దా అని తేల్చుకోలేనట్టు. ఇప్పుడు లోకమంతా మెచ్చుకునే ఆ ఆగడం మీ అమ్మదే. మర్నాడు మహారాణి హెడ్‌ఫోన్లలో అది విని, ఇది నేను మార్చను అంది. ఆ రోజు పాడటం అవగానే మీ అమ్మ గాజు గదిలోంచి బయటికొచ్చి నా పక్కన నిలబడి, "ఈ ఒక్కటీ చెరపకండి, నాకు దాచిపెట్టండి" అంది. ఇరవయ్యేళ్లలో నన్ను అడిగింది అదొక్కటే. సరేనన్నాను.

మూడోనాడు సంగీత దర్శకుడు వయొలిన్లు ఇంకో వరస వేద్దాం, చోటుందా అన్నాడు. అన్నీ నిండిపోయాయి, చెరపడానికి వీలున్నది మీ అమ్మ గొంతున్న ఇరవై రెండోది ఒక్కటే. పావుగంట ఆగండి, దీనికో కాపీ తీసుకుంటాను అంటే ఎవరూ కాదనేవారు కారు. వయొలిన్లవాళ్లు పెట్టెలు తెరిచి కూర్చున్నారు. పెళ్లాం పాట దాచుకుంటున్నాడని నవ్వుతారేమోనని సిగ్గేసింది. అంతేనమ్మా, అంతకు మించి కారణం లేదు. "ఉంది, ఇరవై రెండు ఖాళీ" అన్నాను. పాతదాని మీద కొత్తది పట్టే ఎర్ర బటన్ నొక్కింది ఈ చెయ్యే.

ఇంటికెళ్లగానే దాచారా అని అడిగింది. భద్రంగా ఉంది అన్నాను. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ తొమ్మిదేళ్లు నీళ్లు నమిలాను. రేడియోలో ఆ పాట వచ్చినప్పుడల్లా, ఆవిడది లోకానికి, నాది మనకి అనేది. ఆస్పత్రిలో నీతో ఆ మాట చెప్పినప్పుడు నేను మంచం పక్కనే ఉన్నాను. మందుల చీటీ చదువుతున్నట్టు తల దించుకున్నాను. మీ అమ్మ నా అబద్ధాన్ని నమ్మే వెళ్లిపోయింది. ఈ పద్నాలుగు నెలల్లో నాకు ఏడుపు వచ్చిన ప్రతిసారీ ముందు అదే గుర్తొచ్చింది.

నీ ఉత్తరం వచ్చాక రోజూ జవాబు రాద్దామని కాగితం తీయడం, మళ్లీ పెట్టేయడం. చివరికి నిన్న మధ్యాహ్నం పాత స్టూడియోకి వెళ్లి స్టోరులో ఆ టేపు తీయించాను. మిగతావన్నీ మూసేసి ఇరవై రెండు ఒక్కటే పెట్టుకున్నాను. వయొలిన్లు. పాటలో వాటిని ఎంత తగ్గించి కలిపామంటే పదేళ్లలో ఒక్కరూ వాటి మాట ఎత్తలేదు. అవి తీసేసి పాట మొత్తం విన్నాను. ఏమీ తగ్గలేదు. ఆ గదిలో ఒక్కణ్నే కూర్చుని ఏడ్చానమ్మా, దాచడం దేనికి.

తర్వాత టేపు మొదటికంటా తిప్పాను. వయొలిన్లు ఎక్కించింది పాట మొదలయ్యే చోటి నుంచి. దానికి ముందు కాస్త చెరగకుండా మిగిలింది. కాగితం మడిచిన చప్పుడు, ఒక చిన్న దగ్గు, తర్వాత మీ అమ్మ. "ఏమండీ, వినబడుతోందా? మొదలుపెట్టనా?"

నాలుగు సెకన్లు ఉంటుంది. క్యాసెట్‌లోకి ఎక్కించి ఈ ఉత్తరంతో పంపుతున్నాను. తిప్పి తిప్పి వెతకకు, అంతకు మించి లేదు. నువ్వు నాతో మాట్లాడకపోయినా తప్పు పట్టను. బుజ్జిదానికి మాత్రం వినిపించు, అమ్మమ్మ తప్పేం లేదు.

ఆ రోజు గాజు ఇవతలి నుంచి నేను తల ఊపాను. తల ఊపితే టేపు మీద పడదు. అందుకని మీ అమ్మ అడగడమే ఉంది, ఆ వెంటనే వయొలిన్లు వచ్చేస్తాయి. వాటికి ముందే ఆపేసి పంపుదామనుకున్నాను. అలా చేస్తే మళ్లీ అబద్ధమాడినట్టే. అందుకే వాటినీ కాస్త ఉంచాను.

ఇట్లు,
మీ అమ్మకి మాట తప్పిన
మీ నాన్న