వెనక వరసలో మూడో అమ్మాయి

"డాక్టరమ్మా, నా మోకాళ్ళకి మందు రాసివ్వు" అని నన్ను ఏడిపించే మా వదినకు,

ఇక ఏడిపించడానికి నీకేమీ మిగల్లేదు. పీహెచ్‌డీ మానేస్తున్నాను. గైడుగారికి సోమవారం చెబుతాను. అన్నయ్యకు మాత్రం ఇప్పుడే చెప్పకు. "నేను ముందే అన్నానా" అని మొదలుపెడతాడు.

కారణం నీకొక్కదానికే చెప్పుకోగలను. చిన్నప్పుడు హాయిగా పాడిన పిల్లలు పెద్దయ్యాక "నాకు పాట రాదండీ" అని ఎందుకంటారు, అందులో బడి పాలెంత అన్నదే కదా నా పరిశోధన. ఇరవై ఎనిమిదేళ్ళు బడిలో పాటలు నేర్పినదాన్ని, ఈ పని నేను కాక ఇంకెవరు చేస్తారని గొప్పగా బయల్దేరాను. పదహారుమందిని కూర్చోబెట్టి మాట్లాడించాను. థీసిస్‌లో వాళ్ళ పేర్లు రాయకూడదు, నెంబర్లే. నిన్న పదిహేడో నెంబరు దగ్గరికి వెళ్ళాను. ఆవిడ టైలరు, ముప్పై దాటి ఉంటాయి. బజారులో మేడమీద చిన్న గది, కిటికీ పక్కన మిషను, నేలంతా గుడ్డ పీలికలు. రికార్డరు పెట్టేసరికి ఆవిడ మిషను ఆపి, చేతులు ఒళ్ళో పెట్టుకుని చెప్పింది.

"నాలుగో క్లాసులో వార్షికోత్సవానికి బృందగానం పెట్టారండీ. నేను వెనక వరసలో మూడోదాన్ని. రిహార్సల్లో మా టీచరుగారు నా పక్కకొచ్చి, వంగి, 'నువ్వు పాడకమ్మా, ఊరికే పెదాలు కదుపు చాలు, ఎవరికీ తెలీదు' అన్నారు. తిట్టలేదండీ, బుజ్జగించినట్టే చెప్పారు. అలాగే కదిపాను. ఇంటికెళ్ళాక మా అమ్మ నన్ను దగ్గరికి తీసుకుని, 'అందరిలోకీ నీ గొంతే వినబడిందే!' అంది. ఆ రోజుతో సరి. మా పాపకి జోలపాట కూడా పాడలేదు నేను."

ఏ బడి అని అడిగాను. చెప్పింది. ఏ పాట అని అడిగాను. అదీ చెప్పింది. వదినా, చెవిలో ఆ మాట చెప్పింది నేనే.

ఆ ఒక్క పిల్లకే కాదు. పాట చెడకూడదని ఏటా ఇద్దరు ముగ్గురికి చెప్పేదాన్ని. అదో పనితనం అనుకునేదాన్ని కూడా. నాకు జుట్టు నెరిసింది, కళ్ళద్దాలొచ్చాయి, ఆవిడ నన్ను గుర్తుపట్టలేదు. థాంక్స్ చెప్పి, రికార్డరు సంచిలో పడేసుకుని, దొంగలా మెట్లు దిగొచ్చేశాను.

ఆ రికార్డింగు చెరిపేసి పదిహేడో నెంబరు ఇంకొకరికి ఇవ్వచ్చు, ఎవరికీ తెలీదు. చూశావా, మళ్ళీ అదే మాట వచ్చింది నా నోట. ఏ ముఖం పెట్టుకుని బడుల తప్పుల గురించి థీసిస్ రాయను?

నీ ఆడపడుచు

*

ఆడపడుచుకు,

నీ ఉత్తరం చదివితే ఏడుపొచ్చింది, ఒళ్ళూ మండింది. నాకు చెప్పుకుంటే ఆ అమ్మాయికి ఒరిగేదేమిటి? ముందు వెళ్ళి ఆ మెట్లెక్కు. ఆ తర్వాత మానేస్తావో మానవో నీ ఇష్టం. మీ అన్నయ్యకు చెప్పలేదు. నోరు కట్టుకుని ఉండలేక చస్తున్నాను, తొందరగా ఏదో ఒకటి తేల్చు.

వదిన

*

నోరు కట్టుకున్న పుణ్యాత్మురాలు మా వదినకు,

ఎక్కాను ఆ మెట్లు. ఉత్త చేతులతో వెళ్ళే ధైర్యం చాలక, చిరిగిన దిండు గలీబొకటి పట్టుకెళ్ళాను. గుమ్మంలోనే అనేశాను, "అమ్మా, ఆ టీచరు నేనే" అని.

"తెలుసండీ" అంది, మిషను ఆపకుండానే. "మీరు ఫోన్ చేసినరోజే గొంతు పోల్చుకున్నాను. మీకు చెప్పాలనే ఇంటర్వ్యూకి ఒప్పుకున్నాను. మీరేమో థాంక్స్ చెప్పి వెళ్ళిపోయారు. పది రోజులై నాకు అన్నం సయించడంలేదు."

క్షమించమన్నాను. ఏడ్చాను. ఆవిడ ఓదార్చలేదు, నీళ్ళ సీసా ఇటు జరిపింది. నాకు అర్హత లేదు, ఈ పరిశోధన మానేస్తున్నానన్నాను. అప్పుడు లేచింది చూడు, మెడలో టేపుతో సహా!

"బాగుందండీ వరస! ఇన్నేళ్ళకి నోరు విప్పాను. మీరిప్పుడు మానేస్తే, నేను మళ్ళీ ఊరికే పెదాలు కదిపినట్టే కదా?"

వదినా, గైడుగారికి అంతా చెప్పాను. ఆయన చాలాసేపు కాగితాలు సర్దుకుని, "ముందు ఆ అధ్యాయమే రాయండి" అన్నారు. రాశాను. "ఆ మాట చెప్పిన టీచరును నేనే" అని మొదలవుతుంది. నిన్న తీసుకెళ్ళి, ఎవరికంటే ముందు ఆవిడకే చదివి వినిపించాను. ఆవిడ గలీబు కుడుతూ వింది. అయిపోయాక, పెడలు మీద కాలు ఆడిస్తూ, మెల్లగా, వార్షికోత్సవం నాటి ఆ పాటే ఎత్తుకుంది. రెండో చరణంలో ఆగి నావైపు చూసింది.

"శ్రుతి తప్పిందాండీ?"

"తప్పింది" అన్నాను. "ఆపకు."

ఇంకా డాక్టరమ్మ కాని
నీ ఆడపడుచు

(మోకాళ్ళ మందుకి ఇంకో ఏడాది ఓపిక పట్టు. అన్నయ్యకు ఇప్పుడు చెప్పుకో.)