వేడి తెలియని చెయ్యి

జహీరాబాద్, 1979 జనవరి, మంగళవారం రాత్రి

న్యాల్‌కల్ వైపు ఊళ్లలో కుష్టు పరీక్షలు చేసి ఇంటికొచ్చేసరికి సుశీల పొయ్యి ముందు జొన్నరొట్టెలు చేస్తోంది. పెనం మీది రొట్టెను ఎప్పటిలాగే చేత్తోనే తిప్పుతోంది.

"నా కోడలి చేతికి వేడే తెల్వది" అని అమ్మ పక్కింటావిడకు గొప్పగా చెబుతోంది. పెళ్లయినప్పటి నుంచీ వింటున్న మాట. నేనూ మురిసిపోయేవాణ్ణి.

ఇవాళ ఆమె చిటికెన వేలి మీద పెద్ద బొబ్బ కనిపించింది. ఎప్పుడు కాలిందని అడిగాను.

"ఏమో, నేను సూడలే" అంది.

చూడలేదట! కాలితే చూడాలా?

సంచిలోంచి స్పర్శ పరీక్షకు వాడే దూది తీశాను. పొద్దుటి నుంచి ఊళ్లలో అందరికీ చెప్పిన మాటే ఆమెకూ చెప్పాను. "కండ్లు మూసుకో. నేను ముట్టిన చోట వేలు పెట్టి చూపించు."

ఆటనుకుని నవ్వింది. నుదుటి మీద ముట్టిస్తే చూపించింది. మోచేతి మీదా చూపించింది. భయం లేదు, మందు ఉందని ఊరూరా చెప్పేది నేనే. అయినా ఇంకోసారి మోచేతి మీదే ముట్టించాను.

దూదిని చిటికెన వేలికి ఆనించి అలాగే ఉంచాను.

కళ్లు మూసుకునే అంది, "జర జల్ది ముట్టుండ్రి, రొట్టె మాడుతది."