కంకర దారిలో కుళాయి

ప్రియమైన చిన్నోడికి,

నీ ఉత్తరం అందింది. చదివి కత్తిరింపు బల్ల మీద విసిరికొట్టాను. ఇది మూడో వాయిదా! మొదటిసారి వాన అన్నావు. రెండోసారి ఆఫీసులో మ్యాపులు గీసే పని నెత్తిన పడిందన్నావు. ఇప్పుడేమో నా సైకిలు టైర్లు సన్నగా ఉన్నాయట. నెల కిందట దగ్గరుండి ఆ టైర్లు కొనిపించింది ఎవరు?

నేనేమీ కొండలెక్కుదామనడం లేదు. శనివారం మధ్యాహ్నం సైకిలెక్కి, ఇరవై ఎనిమిది కిలోమీటర్లు కంకర రోడ్డు మీద తొక్కి, రిజర్వాయర్ పక్కనున్న బస మైదానంలో టెంటు వేసుకుని పడుకుని, ఆదివారం తిరిగి రావడం. ఒకే ఒక్క రాత్రి. కొత్తవాళ్ళకి ఇంతకంటే తేలిక దారి లేదని రాసింది నువ్వే.

అమ్మ మంచాన పడ్డ తొమ్మిదేళ్ళూ నేను ఆవిడ పిలుపు కోసం ఒక చెవి తెరుచుకునే పడుకున్నాను. ఆవిడ పోయి ఏడాదైంది. ఇప్పటికీ రాత్రి రెండింటికి మందు వేయాలని ఉలిక్కిపడి లేస్తున్నాను. ఈ ఇంట్లో నాకు నిద్ర రాదురా. నెలకి రెండుసార్లు నువ్వు ఆ మైదానంలో పడుకుని వచ్చానంటూ రాసిన ఉత్తరాలు అమ్మకి చదివి వినిపించేదాన్ని కదా. ఆవిడ నిద్రపోయాక నేను మళ్ళీ చదువుకునేదాన్ని. అక్కడ ఒక్క రాత్రి పడుకోవాలని అప్పుడే అనుకున్నాను.

సైకిలు ఫ్రేము మధ్యలో తగిలించే సంచి కుట్టేశాను. నీ కొలతలకి నా అలవాటు కొద్దీ కాస్త లూజు వదిలాను. నవ్వకు. ముప్పై ఏళ్ళు జనానికి జాకెట్లు కుట్టిన చెయ్యి, సరిగ్గా కొలతకే కుట్టమంటే మాట వినదు.

వచ్చే శనివారం వెళ్దాం. ఇంకో కారణం వెతక్కు.

విసిగిపోయిన
నీ అక్క

*

ప్రియమైన అక్కకి,

కోప్పడకే. నీ మంచికే చెబుతున్నాను. మొదటి ప్రయాణం పాడైతే రెండోదానికి మనసు రాదు. టైర్లలో గాలి కాస్త తగ్గించు, లేకపోతే కంకర మీద చక్రం గెంతుతుంది. బరువైనవి సంచి అడుగున సర్దు. ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా పట్టకు. ముందుగా డాబా మీద టెంటు ఒకసారి వేసి చూసుకో. నీళ్ళు ఎక్కువ మోయకు, ఒక్క సీసా చాలు. గేటు పక్కనే కుళాయి ఉంది, ఎన్నిసార్లు రాశానో నీకే తెలుసు. ఆ నీళ్ళు తాగితే పళ్ళు జివ్వుమంటాయి.

వచ్చే శనివారం మాత్రం కుదరదక్కా. నడుము పట్టేసింది. వంగొద్దని నీ మరదలు ఒకటే గోల. పై నెల చూద్దాం. ఈలోగా సామాన్ల జాబితా సవరించి పంపుతున్నాను. మొత్తం నలభై ఒక్క వస్తువులు.

నీ మేలు కోరే
తమ్ముడు

*

ప్రియమైన నడుము నొప్పి గారికి,

నలభై ఒకటా? అమ్మ మందుల బల్ల మీద కూడా అన్ని ఉండేవి కావు. రెండు విజిళ్ళు ఎందుకురా? ఒకటి నేను ఊదడానికి, ఇంకోటి నువ్వు ఊదడానికా?

నేను వెళ్తున్నాను. ఒక్కదాన్నే. శనివారం రెండింటికి షాపు కట్టేసి బయల్దేరతాను. గేటు మనిషికి నీ పేరు చెబుతాను. తొమ్మిదేళ్ళు వచ్చినవాడి అక్కనంటే కాస్త చదునైన చోటు చూపించడా!

నీ కోసం ఇక ఆగని
అక్క

*

అక్కా,

ఇది శనివారంలోపు నీకు చేరాలని ఆఫీసు మనిషి చేతికిచ్చి పంపుతున్నాను. వెళ్ళకు. పోనీ వెళ్ళినా, గేటు మనిషి దగ్గర నా పేరెత్తకు. ఒకసారి వాడికీ నాకూ మాటా మాటా వచ్చింది. నీళ్ళు మూడు సీసాలు పట్టుకెళ్ళు. కుళాయి సంగతి మర్చిపో.

కాస్త ఆగు, అంతే. నీకో మాట చెప్పాలి. కాగితం మీదికి రావడం లేదు.

చిన్నోడు

*

ప్రియమైన చిన్నోడికి,

ఇవాళ ‘ప్రియమైన’ అని రాయడానికి చెయ్యి రాలేదు. బలవంతంగా రాయించాను.

నీ మనిషి వచ్చేసరికి నేను బయల్దేరిపోయాను. ఉత్తరం తలుపు కిందనుంచి తోసి పోయాడు. తిరిగొచ్చాక చదివాను.

పదో కిలోమీటరుకే నా సంచి నా కొంప ముంచింది. వదిలిన లూజంతా సామాన్లతో ఉబ్బి, తొక్కినప్పుడల్లా రెండు మోకాళ్ళకీ ఒరుసుకుంది. ఒక కల్వర్టు మీద కూర్చుని, కాలరు మడతలో ఎప్పుడూ ఉండే సూదీ దారం తీసి, రెండు పక్కలా అంగుళం లోపలికి పట్టేశాను. నన్ను నేనే తిట్టుకున్నాను. గాలి గురించి నువ్వు చెప్పింది నిజమే, చక్రం గెంతలేదు. ఒక్క సీసా నీళ్ళు మాత్రం ఇరవయ్యో కిలోమీటరుకే అయిపోయాయి. కుళాయి ఉందిగా అని నాలుక పిడచకట్టుకుపోతున్నా తొక్కాను.

కుళాయి లేదు.

“కుళాయా? వేస్తామని మ్యాపులో చుక్క పెట్టుకుని పోయారమ్మా. గొట్టం ఎప్పుడూ రాలేదు” అన్నాడు గేటు మనిషి, తన క్యానులోంచి నాకు నీళ్ళు వంచుతూ.

నీ పేరు చెప్పాను. ఎర్ర హెల్మెట్టు పెట్టుకుంటాడన్నాను. నెలకి రెండుసార్లు వచ్చేవాడన్నాను. ఆయన తల గోక్కుని పాత రిజిస్టర్లన్నీ తెచ్చి నా ముందు పెట్టాడు. రాత్రి ఉండేవాళ్ళు పేరు రాయందే లోపలికి పోనివ్వడట. తొమ్మిదేళ్ళ పేజీలు తిరగేశాను. నువ్వు ఒక్కచోట కూడా లేవు.

ఇంటికొచ్చి మరదలికి ఫోన్ చేశాను. పాపం, దాచలేకపోయింది. “శనివారం వస్తే అత్తయ్య దగ్గరికి వెళ్ళండి అనేదాన్ని వదినా. సైకిలు తీసుకుని వీధి చివరిదాకా వెళ్ళి వెనక్కొచ్చేసేవారు. గది తలుపేసుకుని, మ్యాపు ముందు పెట్టుకుని మీకు ఉత్తరం రాసేవారు. అమ్మను అలా చూడలేను అనేవారు” అంది.

చూడలేకపోయావా? చూడ్డానికి నాకేమైనా వేరే కళ్ళున్నాయా? ఒక్క శనివారం, ఒకే ఒక్క శనివారం నువ్వొచ్చి ఆ కుర్చీలో కూర్చుంటే నేను పక్క గదిలో ఒళ్ళు మరిచి పడుకునేదాన్ని. పోనీలే, వాడైనా నాలుగు చోట్లా తిరుగుతున్నాడని సరిపెట్టుకున్నాను. నాకు ఒళ్ళు మండిపోతోంది. ఈ ఉత్తరం ఇప్పటికి రెండుసార్లు చింపి మళ్ళీ రాస్తున్నాను.

కానీ ఇదీ రాయాలి. నీ ఉత్తరాలు వింటేనే అమ్మ నిద్రపోయేది. “వాడికి కుళాయి దొరికిందా?” అని అడిగేది. దొరికిందమ్మా అంటే కళ్ళు మూసుకునేది. అబద్ధమని నాకు అప్పుడే తెలిసుంటే ఆ మాట అనగలిగేదాన్ని కాదు.

ఇంకో సంగతి. నేను నిద్రపోయాను. ఎనిమిదింటికి టెంటులో దూరితే పిట్టలు లేపాయి. రాత్రి రెండింటికి మెలకువ రాలేదు. లేచి చాలాసేపు అక్కడే కూర్చుని ఏడ్చాను. దేనికో నన్నడగకు.

నీ నడుముకి ఏ రోగమూ లేదని మరదలు చెప్పింది. వచ్చే శనివారం రెండింటికి నా షాపు ముందు ఉండు. మూడు సీసాలు తెచ్చుకో. టెంటు ఎలా వేయాలో నేను చూపిస్తాను. తిట్లు మాత్రం ఇరవై ఎనిమిది కిలోమీటర్లకీ సరిపడా దాచి ఉంచాను, చెవులు సిద్ధం చేసుకుని రా.

ఆదివారం వచ్చేటప్పుడు, రిజిస్టరులో నా పేరు కింద ఒక గీత ఖాళీగా ఉంచమన్నాను. “ఎవరికమ్మా?” అన్నాడు గేటు మనిషి.

“మా తమ్ముడికి. మొదటిసారి వస్తాడు” అన్నాను.

అక్క