ఒడ్డుకు వెళ్లని ఇల్లాలు

నూకువలోఫా,
మంగళవారం

అమ్మకు,

నీ పిసిలా నమస్కారాలు. ఇక్కడ నేనూ, పిల్లలూ, నీ అల్లుడూ బాగున్నాం. అక్కడ నువ్వూ, అన్నయ్యావాళ్లూ అలాగే ఉన్నారని నమ్ముతున్నాను. నువ్వు ఓడలో పంపిన పెండలం దుంపలు అందాయి. ఆదివారం చర్చి నుంచి రాగానే నీ అల్లుడు పెద్దదాన్ని ఉడకబెట్టి, తనకు సగం, చిన్నవాడికి సగం అన్నాడు. నాకు గిన్నె మిగిలింది.

కాలేజీలో పాఠాలెలా సాగుతున్నాయని అడిగావు. ఈసారి నేను చెప్పడం లేదమ్మా, పిల్లలే ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. నలుగురేసి చొప్పున చాపల మీద కూర్చోబెట్టి, ఒక పాత పడవపాట చేతికిచ్చాను. మొగుడి పడవ ఎంతకీ రాకపోయినా ఒడ్డుకు వెళ్లని ఇల్లాలి పాట. "ఆమె ఎందుకు వెళ్లలేదో మీలో మీరు తేల్చుకోండి" అని బోర్డు మీద రాశాను.

అందరూ బోర్డునే చూస్తూ కూర్చున్నారు. చివరికి మాకా అనే అల్లరివాడు, "టీచర్ నోటికి తాళం పడింది. మనమూ మూసుకుంటే ఈ పాట ఎవరు చెబుతారు, గోడలా?" అన్నాడు. ఆ నవ్వుల్లోనే మాటలు మొదలయ్యాయి.

"కోపం. చెప్పకుండా వెళ్లుంటాడు," అని తేల్చేశాడు మాకా.

వాడి పక్కన జవాబులు రాసుకుంటూ ఫానే ఉంది. హాపై దీవుల పిల్ల. తరగతిలో దాని గొంతు నేనెప్పుడూ వినలేదు. "మా నాన్న పడవ రానప్పుడు మా అమ్మా వెళ్లలేదు," అంది మెల్లగా. "వెళ్లి చూస్తే, ఇక రాడని ఒప్పుకున్నట్టే కదా."

మాకా తల దించుకున్నాడు. "నేనన్నది కొట్టేయ్ ఫానే."

"వద్దు, ఉండనీ. మా అమ్మకు కోపం కూడా ఉండేది."

ఇన్నేళ్లూ ఆ పాటకు ఓర్పు అనే ఒక్క అర్థమే చెబుతూ వచ్చాను. వెనక నిలబడి దేవుడికి స్తోత్రం చెప్పుకున్నాను.

ఇక దాచలేనమ్మా. పోయిన నెల నా గొంతులో గడ్డ తీశారు. చెడ్డది కాదన్నారు, కానీ మాట తిరిగి వస్తుందో రాదో చెప్పలేమన్నారు. తెలిస్తే ఈ గాలివానల్లో ఓడెక్కి వచ్చేస్తావని నీకు చెప్పలేదు. మాట లేని టీచరును ఎవరు ఉంచుకుంటారన్న భయంతోనే ఆ చాపలు పరిచాను. నా కొలువు నిలబెట్టింది ఆ పిల్లలే.

నిన్న డాక్టరు మాట్లాడమన్నారు. బొంగురుగానైనా గొంతు వచ్చింది. తరగతికి వెళ్లి, అలవాటుగా ముందు నిలబడ్డాను. ఫానే చాప మీద కాస్త జరిగి, "ఇక్కడ కూర్చోండి టీచర్," అంది. "ఇంతకీ మీరేమనుకుంటున్నారు? ఆమె ఎందుకు వెళ్లలేదు?"

కూర్చున్నాను. "నాకు తెలియదమ్మా, మీరు చెప్పండి," అన్నాను. తరగతిలో ఆ మాట అనడం నాకదే మొదటిసారి.

ఇట్లు,
నీ చిన్న కూతురు
పిసిలా