పెదనాన్న ఇమేజ్

చిరంజీవి అబ్బాయికి,

మీ పెదనాన్న ఆశీర్వదించి రాసేది. ఫోను చేయవచ్చు గానీ నా గొంతు సంగతి నీకు తెలుసు, ఒక్క మాట అంటే వీధంతా వింటుంది. ఇది వీధి వినకూడని సంగతి. మీ కంపెనీ ఉతికే మిషనును ‘మా తమ్ముడి కొడుకు చేసిందండీ’ అంటూ లాండ్రీకి వచ్చిన ప్రతివాడికీ చూపించానే, అది ఎర్ర దీపం వెలిగించుకుని మొండికేసింది. బ్యాండు మాస్టరు తన బృందం ఉన్ని కోట్లన్నీ తెచ్చి పడేశాడు. త్వరలో వాళ్లకు పోటీ. మిషను మీద దుప్పటి కప్పి, ‘విశ్రాంతి ఇచ్చాను’ అని చెబుతున్నాను. సిగ్గుతో చస్తున్నాను.

ఇట్లు,
పెదనాన్న

తా.క. ఆ దుప్పటి కూడా ఉతకాల్సిందే.

*

పెదనాన్నకు నమస్కారాలు.

కంగారు పడకండి. ఎర్ర దీపం వెలిగిందంటే మీ ఇమేజ్ పాడైందన్నమాట. ఇలాంటివి మామూలే. కొత్త ఇమేజ్ బాగా కుదించి పెన్‌డ్రైవ్‌లో పంపుతున్నాను. అందులో రెండు పార్టిషన్లు ఉంటాయి. సంతకం సరిపోతేనే మిషను ఒప్పుకుంటుంది.

మీ అబ్బాయి

తా.క. పాత ఇమేజ్ గురించి దిగులొద్దు. పూర్తిగా చెరిపేయవచ్చు.

*

అబ్బాయికి,

ఆశీస్సులు ఉన్నాయి గానీ ఈసారి కాస్త తక్కువ. పదో తరగతి గట్టెక్కనివాణ్ణే అయినా, ఇన్నేళ్లు పరాయివాళ్ల మరకలు వదిలించి బతికాను. అలాంటి నాకు ఇమేజ్ పాడైందని ఇంట్లో పిల్లాడే రాస్తాడా? పైగా అది మామూలేనట! పార్టిషన్ అన్న మాట దగ్గరికి వచ్చేసరికి కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాను. నేనూ మీ నాన్నా ఇంతవరకు నీది నాది అని గరిటె కూడా విడదీసుకోలేదు. వాటా అడగమని వాడే చెప్పాడా? అడిగితే ఇస్తాను. పెన్‌డ్రైవ్‌లో పెట్టి అడగడం మాత్రం బాగాలేదు.

ఇట్లు,
ఇమేజ్ పోయిన పెదనాన్న

తా.క. మిషను ఒప్పుకున్నా, సంతకానికి మీ పెద్దమ్మ ఒప్పుకోదు.

*

పెదనాన్నా, మీకు వంగి దణ్ణం.

మీ ఉత్తరం చదివి నాన్న నన్ను ఇంట్లోంచి గెంటేయబోయారు. ఇది ఆస్తి గొడవ కాదు. మిషను ఏ పని ఎప్పుడు చేయాలో రాసిపెట్టి, అంతా ఒకే మూటగా కట్టిన ఫైలును మేం ఇమేజ్ అంటాం. మీ బట్టల మూటలాగే దానికీ పైన చీటీ ఉంటుంది, ఏ మిషనుకు, ఎంత పెద్దది అని. చీటీ వెనక సరుకంతా కుదించి ఉంటుంది. మిషనే విప్పుకుంటుంది. దారిలో ఒక్క అక్షరం మారినా తెలిసిపోయేలా ఒక లెక్క, పంపింది మేమేనని ఒక సంతకం. పార్టిషన్లంటే మిషను మెదడులో రెండు గదులు, పాతదానికొకటి, కొత్తదానికొకటి. పెన్‌డ్రైవ్ పెట్టి పచ్చ బటన్ నొక్కండి, చాలు.

మీ అబ్బాయి

తా.క. చీటీ, లెక్క, సంతకం అన్నీ నేనే సరిచూశాను. అనుమానమే అక్కర్లేదు.

*

అబ్బాయ్,

నీ సంతకం చూడగానే మిషను ఒప్పుకుంది. ఎర్ర దీపం పోయింది. దుప్పటి తీసేసి కోట్లన్నీ వేశాను. పని అయ్యాక తలుపు తీస్తే ఆవిరి పొగలు! డోలు వాయించే ఆ భారీ మనిషి కోటు ఇప్పుడు చంటిబిడ్డకు సరిపోతుంది. కుదించి పంపానన్నావు, విప్పుకోవడం మిషను మరిచిపోయినట్టుంది. తప్పు బటన్ నేనే నొక్కానని బ్యాండు మాస్టరుకు చెప్పాను. నీ ఊసు ఎత్తలేదు. ఆయన ఒక కోటు ఎత్తి, చేయి దూర్చబోయి, మడిచి పక్కన పెట్టాడు. తిట్టినా బాగుండేది. ఇస్త్రీ బల్ల వెనక్కి వెళ్లి నిలబడ్డాను.

ఇట్లు,
పెదనాన్న

తా.క. గుండీలు మాత్రం అసలు సైజులోనే ఉన్నాయి.

*

పెదనాన్నా,

ఏ ముఖం పెట్టుకుని రాయను? మీరు ఏ తప్పు బటనూ నొక్కలేదు. నేను పంపింది అసలు ఇమేజ్ కాదు. మిషను నీళ్లను మరిగించగలదో లేదో చూడడానికి ఫ్యాక్టరీలో వాడే పరీక్ష ఇమేజ్. చీటీ సరైనదే, లెక్క సరైనదే, సంతకం నాదే. మూటే తప్పు. నా సంతకం చూసి మిషను నమ్మింది, మీరూ నమ్మారు, పైగా నా తప్పు మీ నెత్తిన వేసుకున్నారు. ఆదివారం అసలు ఇమేజ్‌తో వస్తున్నాను. మాస్టరు ముందు నిలబడి నేనే చెబుతాను. కోట్లు కుట్టిస్తాను.

మీ తలవంపుల అబ్బాయి

తా.క. ఒక్కటి అర్థం కాలేదు. ఆ ఇమేజ్ ఎక్కగానే తెర మీద ‘టెస్ట్’ అని పెద్దగా పడాలి. మీకు కనిపించలేదా?

*

చిరంజీవి అబ్బాయికి, ఈసారి నిండుగా ఆశీస్సులు.

మాస్టరు చొక్కాలతోనే వాయిస్తామన్నాడు. వాటిని చేత్తో ఉతికి ఇచ్చాను.

కనిపించిందిరా. నా అసలు సిగ్గు అదే. బడిలో రాసిన ప్రతి పరీక్షా తప్పినవాణ్ణి. తెర మీద ‘టెస్ట్’ అని పడగానే, మిషను నడపడం నాకు వచ్చో రాదో చూడడానికి నువ్వే పెట్టావనుకున్నాను. ఎవర్నైనా అడిగితే కాపీ కొట్టినట్టవుతుందని చేతులు కట్టుకుని దాని ముందే కూర్చున్నాను. చివరికి తెర మీద ‘పాస్’ అని పచ్చగా పడింది. పెద్దమ్మను కేకేసి చూపించాను. ఇద్దరం కాసేపు దాన్నే చూస్తూ నిలబడ్డాం.

ఆ తర్వాతే తలుపు తీశాను.

ఇట్లు,
పాసైన పెదనాన్న

తా.క. మిషను ఇంకా ఆపలేదు. కొత్త ఇమేజ్ ఎక్కించే ముందు ఆ ‘పాస్’ పక్కన నన్ను నిలబెట్టి ఒక ఫొటో తీయి.