సీత్లా పండుగ నాటి బ్రేకులు

8 జూన్ 1986
వచ్చే వారం హేమ్లి బడి తెరుస్తరు. మనవరాలు మూడో తరగతికి వచ్చింది. మా తండా నుంచి కారేపల్లికి బస్సు లేదు. మధ్యల రెండు వాగులు, ఒక రైలు గేటు. మా పాత అంబాసిడరే దిక్కు.

కొడుకు మంగీలాల్‌కు భద్రాచలంలో నౌకరీ. ఆదివారం ఒక్కరోజే ఇంట్ల కనపడతడు. ఇయ్యాల బస్సెక్కే ముందు చెప్పిండు: వానకాలంల బండితోని ఒక్క తకరారు వచ్చినా పిల్లను ఖమ్మంల హాస్టల్ల వేస్తడట. పాత బండి, ముసలి డ్రైవర్ అని నవ్విండు. నేను గూడ నవ్విన. లోపల మండింది.

టేకు దుంగల లారీ నడిపి ముసలోన్నయిన. దిగుడు మీద బ్రేకులు పట్టవని వెనక ఒక దుంగను గొలుసుతో కట్టి ఈడ్చేవాళ్లం. లారీల వెనక రాతలు చూసే చదువు నేర్చిన. నాకు మొదట వచ్చిన మాట 'హారన్', తర్వాత 'ప్లీజ్'. అఆలు ఆ తర్వాత. గసొంటోనికి వీడు బండి సంగతి చెప్తడు.

11 జూన్
వైపర్ రబ్బర్లు మార్చిన. బ్యాటరీల నీళ్లు పోసిన. స్టెప్నీకి గాలి కొట్టించిన. బ్రేకు లైటు చూడమని హేమ్లిని వెనక నిలబెట్టిన. వెలగకున్నా వెలిగిందనే చెప్తది. దాదా, అంటే ఈ తాత, సంతోషపడాలె గదా. ఆఖరికి బండి వెనక భాగం గోడకు తిప్పి పెట్టి, గోడ మీద ఎర్ర వెలుగు పడేది అద్దంల నేనే చూసుకున్న.

30 జూన్
వాన. బండి బాగుంది. పిల్ల బాగుంది.

13 జులై
వాగు దాటినంక బ్రేకులు కీచుమంటున్నయి. మంగళవారం సీత్లా, మా పశువుల పండుగ, పిల్ల బడికి పోదు. ఆ రోజు విప్పుత.

15 జులై, సాయంత్రం
పొద్దుగాల నాలుగు చక్రాలు విప్పిన. చక్రాన్ని పట్టి ఆపే బ్రేకు షూలను ఎమరీ గరుకు కాయితంతో రుద్ది, గోనెపట్టా మీద ఎండకు పెట్టి, పశువులను తోలుకొని పొలిమేర కాడ సీత్లా దేవత రాళ్ల దగ్గరికి పోయిన. తండా మొత్తం అక్కడనే ఉంది. ఆడోళ్ల పాట, ఎడ్లు ఆ రాళ్లు దాటుడు, గుగ్గిళ్లు చల్లుడు. మా లాలు బావ బర్రె ఎన్నడూ సక్కగ దాటదు. ఈసారి దాటింది గానీ లాలు బావనే పడ్డడు.

వచ్చి చూస్తే షూలన్నీ పచ్చగ మెరుస్తున్నయి. నా పెండ్లాం, హేమ్లి దాది, సోమ్లి పని. ఎడ్ల కొమ్ములకు, గిట్టలకు రాసిన ఆముదం, పసుపు వీటికి గూడ రాసింది. ఇవి కూడ మన పిల్లను మోసేటియే గదా అన్నది. ముఖంల ఎంత సంబురమో.

నూనె తగిలితే షూ పట్టదు, పెట్రోల్‌తోని కడిగి, మళ్ల రుద్దాలె. నాకు తెల్వదా. కానీ దేవత పేరు మీద పెట్టిన పసుపును అదే పండుగనాడు, పెట్టిన మనిషి ముందట కడుగుడెట్ల? పొడిగుడ్డతో తుడిచి బిగించిన. తండాల ఒక చుట్టు తిప్పి తొక్కి చూసిన. పట్టింది. మెల్లగ పోతే ఏ బ్రేకైనా పడుతది.

16 జులై
గేటు మూసి ఉంది. వాన. దూరం నుంచే తొక్కిన. పెడల్ గట్టిగనే ఉంది, బండి ఆగలేదు. గేరు దించిన, హ్యాండ్ బ్రేకు గుంజిన. పోయి గేటుకు గుద్దింది. రైలు ఇంకా రాలేదు.

హేమ్లి నుదురు పగిలింది. దవాఖానాల కుట్లు వేసిండ్రు. ఏడ్వలేదు. నా అంగీ మీది నెత్తురు చూసి, దాదా నీకు తగిలిందా అని అడిగింది.

17 జులై
మంగీలాల్ వచ్చిండు. వాననీళ్లు పోయి బ్రేకు జారిందని చెప్పిన. పక్కన పండుకున్న పిల్ల, కాదు, ఆముదం మాడిన వాసన వచ్చింది, దాది రాసిన వాసన అన్నది. సోమ్లి చేతిల అంబలి గిన్నె అట్లనే ఆగింది.

కొడుకు తల్లిని ఒక్క మాట అనలేదు. నా దిక్కే చూసిండు.

"బాపూ, బిగించేటప్పుడు నువ్వు చూసినవా, చూడలేదా?"

"చూసిన" అన్న.

బయటికి పోయి పిల్ల సంచి సర్దమని తన పెండ్లానికి చెప్పిండు.

18 జులై
సోమ్లి రెండు రోజుల నుంచి తినలేదు. ఇయ్యాల పొయ్యి కాడ కూసొని, నా ముఖం చూడకుండ అన్నది: "నన్నడిగితే నేనే కడిగేదాన్ని గదా."

ఇన్నేండ్ల కాపురంల ఆ సంగతి నాకు తెల్వదు.

27 జులై
హాస్టల్ల దించి వచ్చినం. బస్సుల పోయినం.

14 అక్టోబర్
హేమ్లి దసరాకు వచ్చి పోయింది. ఇంగ్లీషు పాట పాడింది. స్టేషన్ దాకా బండ్లె తీసుకపోయిన. షూలు కొత్తయి, ఒకటికి పదిసార్లు చూసిన. గేటు కాడికి రాంగనే ముందు సీటును రెండు చేతులతో పట్టుకుంది. గేటు తెరిచే ఉంది.

12 జూన్ 1987
బడులు తెరిచిండ్రు. వైపర్ రబ్బర్లు మార్చిన. ఎవరి కోసమని సోమ్లి అడగలేదు.

7 జులై 1987
సీత్లా. హేమ్లికి సెలవు రేపే దొరికిందట, పొద్దుగాల ఖమ్మం పోయి తీసుకరావాలె. బండ్లెనే రమ్మన్నదట.

సోమ్లి ఎడ్లకు, బర్రెకు ఆముదం పసుపు రాసి, గిన్నె పట్టుకొని బండి ముందట చానాసేపు నిలబడ్డది. చెయ్యి పెట్టలేదు. నా కాడికి వచ్చి కూసొని, బ్రేకు తొక్కే నా కుడి పాదానికి రాసింది.